పద్నాలుగో రీలు

ఆదివారం పొద్దున పదింటికి రాజేశ్వర్ రావు ఇంట్లో పాత సినిమాల పంచాయితీ మొదలవుతుంది. హన్మకొండ చౌరస్తాలో కింద స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు. పంచాయితీ అని ఊరికే అనలేదు. నలుగురు కూర్చుంటారు, నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి తీర్పు వారిది. నలభై ఏళ్ల కింద చూసిన సినిమా మీద, నిన్న సాయంత్రం ఆట చూసొచ్చినట్టు కొట్లాడుకుంటారు. ఒక్కోసారి కింద దుకాణంలో గిన్నెలు బేరం చేస్తున్నవాళ్లు పైన ఏం గొడవ జరుగుతోందోనని తలెత్తి చూస్తారు.

ఆ నలుగురిలో ఒకరు ప్రేమలత. బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. సినిమా బాగుందా లేదా అన్నది ఆమె హీరోయిన్ చీరలను బట్టి తేలుస్తుంది. ఇంటాయన రాజేశ్వర్ రావుకు చీరలూ పాటలూ పట్టవు, డైరెక్షన్ కావాలి. ఇంటావిడ కళావతికి కథ కావాలి. ఏ సినిమాలో ఎవరి పెళ్లి ఎందుకు ఆగిపోయిందో చెప్పడమే కాదు, ఆగిపోయిన పెళ్లి విస్తట్లో ఏం వడ్డించారో కూడా చెప్పగలదు. నాలుగో మనిషి బాబా మియా. ఆయన సినిమాలు చూసినవాడు కాదు, చూపించినవాడు. స్టేషన్ రోడ్డు టాకీసులో ఇరవై ఎనిమిదేళ్లు ఆపరేటరు. ఆ టాకీసు పోయి ఫంక్షన్ హాలు వచ్చింది కానీ, బాబా మియా ఆటలో బొమ్మ తెగదన్న పేరు మాత్రం పోలేదు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

ఆ ఆదివారం మొదట ఒక కత్తియుద్ధాల సినిమా మీద పడ్డారు.

"గుర్రం ఒక్కటే గుర్రం. రాజుకు అదే, విలన్‌కు అదే. రాజు దిగంగనే విలన్ ఎక్కుతాండు. ప్రొడ్యూసర్ గంత పిసినారి," అన్నాడు రాజేశ్వర్ రావు.

"గుర్రం సంగతి నాకెందుకు? రాణి కట్టిన జరీ అంచు చీర కోసం నేను మూడుసార్లు చూసిన," అంది ప్రేమలత.

"నలుపు తెలుపు సినిమాల జరీ ఎట్ల కనవడ్డది టీచరమ్మా?" అన్నాడు బాబా మియా.

"కనవడేటోళ్లకు కనవడ్తది."

అందరూ నవ్వారు. మామూలుగా అయితే ఈపాటికి కళావతి కలగజేసుకుని, ఆ రాణి ఉపవాసం ఉండి కూడా తాంబూలం వేసుకుందనో మరొకటో తప్పు పట్టేది. ఆ రోజు గోడవారన కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నవ్వు ముఖం మాత్రం పెట్టింది.

మాట తిరిగి తిరిగి, ఎప్పటిలాగే, 'పెద్దింటి తలుపు' దగ్గరికి వచ్చింది. రాజేశ్వర్ రావు ఉన్నచోట ఆ సినిమా మాట రాకుండా ఉండదు. కథ చిన్నదే. కట్టుదిట్టమైన తల్లి, ఆమె మాట కాదని నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్లిపోయిన కూతురు. పన్నెండేళ్ల తర్వాత కూతురు చంకలో బిడ్డతో వానలో తడుస్తూ తల్లి ఇంటి ముందుకొస్తుంది. తలుపు కొడుతుంది. అంతే, తలుపు మూసి ఉండగానే శుభం పడుతుంది.

"అదీ డైరెక్షన్ అంటే! ఇంకెవడన్న అయితే తలుపు తీయించి, తల్లీబిడ్డలను కావలిచ్చుకోవెట్టి, పావుగంట ఏడిపిచ్చెటోడు. ఈయన తలుపు తియ్యనే తియ్యలే. తీసిందా లేదా నువ్వే ఆలోచించుకో అన్నడు. శుభం కింద తామరపువ్వు గుడ పెట్టిండు. బురదల పుట్టినా..."

"తెలుసు తెలుసు," అంది ప్రేమలత. "మా తమ్ముని పెండ్లిల గుడ చెప్పినవ్."

ఈ సినిమా మీద కళావతిది మాత్రం మొదటినుంచీ వేరే మాట. పెళ్లికి ముందు పుట్టింట్లో ఉన్నప్పుడు, రఘునాథపల్లిలో డేరా టాకీసు వేస్తే చూసింది. 'తల్లి తలుపు తీస్తది' అంటుంది. అక్కడిదాకా అనడమే ఆలస్యం, రాజేశ్వర్ రావు పగలబడి నవ్వేవాడు. 'వరంగల్లంత చూసింది, ఐదు వారాలాడింది, ఎవనికీ తెరుసుకోని తలుపు నీకొక్కదానికే తెరుసుకున్నదా? నేల మీద కూసొని నిద్రవోయి కల గన్నవ్' అనేవాడు. కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు అన్నాడు, పిల్లలు పుట్టాక అన్నాడు, కోడలు వచ్చాకా అన్నాడు. చుట్టాల్లో అదొక హాస్యం అయిపోయింది. ఎవరైనా లేనిది ఉందంటే 'కళావతి తలుపు' అనేవాళ్లు. తలుపు తీశాక ఏమైందో చెప్పడానికి ఆమెకు ఎవరూ సందివ్వలేదు.

ఆ మూసిన తలుపు తర్వాత ఇంకా కథ ఉందని ఆ గదిలో ఇంకొక మనిషికి తెలుసు. ఆ మనిషి బాబా మియా. తెలిసి, నలభై ఏళ్లుగా టీ తాగుతూ అందరితో పాటు నవ్వుతున్నాడు.

జరిగింది ఇది. అప్పుడాయనకు ఇరవై రెండేళ్లు. ఉద్యోగంలో చేరి రెండు నెలలు, పెళ్లయి నెల. కొత్త సినిమా వస్తోందని టాకీసు ఓనరు సేటు ప్రొజెక్టరు కేబిన్‌కు సున్నం వేయిస్తున్నాడు. బస్సులో డబ్బాలు దిగాయి, మొత్తం పద్నాలుగు రీళ్లు. మ్యాట్నీకి గంట ముందు రీళ్లు సరిచూస్తుంటే పద్నాలుగోది చేతిలోంచి జారింది. కేబిన్ మెట్ల మీదుగా దొర్లుకుంటూ పోయి పోయి సున్నం బకెట్లో పడింది. తీసి కడిగాడు. ఎంత కడిగితే అంత పాడైంది, బొమ్మ ఊడి చేతికి వచ్చింది. బయట టికెట్ల కిటికీ దగ్గర జనం చొక్కాలు చింపుకుంటున్నారు. సేటుకు చెబితే ఉద్యోగం ఊడుతుంది.

ప్రతి ఆపరేటరు దగ్గరా ఒక రేకు డబ్బా ఉంటుంది, తెగిన ఫిల్ము ముక్కలు పడేసుకునేది. బాబా మియా అందులో వెతికి, ఏదో దేవుడి సినిమాది శుభం ముక్క పట్టుకుని, పదమూడో రీలు చివర అతికించాడు. ఎవడో ఒకడు లేచి 'కట్' అని అరుస్తాడు, కుర్చీలు విరుగుతాయి అని వణుకుతూ కూర్చున్నాడు. ఒక్కడు అరవలేదు. జనం కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. ఆడవాళ్లు కొంగులు పిండుకున్నారు. ఐదు వారాలూ అదే ఆట. ఆరో వారం పద్నాలుగో డబ్బాలో ఆ పాడైన రీలును చుట్టి పెట్టి పంపేశాడు. అడిగినవాడు లేడు. ఆ రీల్లో ఏముందో బాబా మియా కూడా చూడలేదు.

మొదట్లో భయంతో చెప్పలేదు. తర్వాత సేటు చనిపోయాడు, భయం పోయింది, కానీ ఆ సరికి రాజేశ్వర్ రావు ఆ ముగింపును ఊరంతా పొగుడుతున్నాడు. ఆ పొగడ్త ఎవరో డైరెక్టరుది కాదనీ, తన రేకు డబ్బాదనీ తలుచుకుంటే బాబా మియాకు లోపల్లోపల గిలిగింతగా కూడా ఉండేది. అదే ఆయన అసలు తప్పు.

"టాబ్లెట్ వేసుకున్నరా అత్తయ్యా?" అంటూ కోడలు శ్రావణి టీలు తెచ్చింది.

"వేసుకున్ననా?" అని కళావతి భర్త వైపు చూసింది.

రాజేశ్వర్ రావు తల పట్టుకున్నాడు. "చూసిన్రా? ఇదీ సంగతి. రెండు నెలల సంది ఇదే వరస. పొయ్యి మీద పాలు పెట్టి మరుస్తది. గోదాం తాళం వేసి, తాళంచెవి యాడ పెట్టిందో మరుస్తది. పోయిన వారం దవాఖానకు తోలుకపోయిన. రేపు మల్ల రమ్మన్నరు, స్కానింగ్ చేస్తరట."

"గీ వయసుల మరుపు అందరికుంటది," అంది ప్రేమలత. "నేను కండ్లద్దాలు పెట్టుకొనే కండ్లద్దాలు లెంకుత."

"గంత తేలికగ అనకుర్రి టీచరమ్మా. డాక్టర్ అడిగిండు, ఎప్పటిసంది మొదలైందని. నేనన్న, ఇప్పటిది కాదు సార్, పెండ్లయినకాడి నుంచీ ఉన్నదే, లేని సీన్లు చూసిన అంటది అని. సినిమా సంగతంత చెప్పిన. డాక్టర్ నవ్వలే. అట్లనా అని కాయితం మీద రాసుకున్నడు." రాజేశ్వర్ రావు ఎగతాళికి చెప్పడం లేదు, భయపడుతున్నాడు. "గందుకే దుకాణంల కూసోవద్దన్న. గోదాం తాళాలు, గల్లా తాళాలు నేనే తీసుకున్న. రేపు డాక్టర్ ఏమంటడో సూసి, ఇగ మొత్తానికే శ్రావణికి అప్పజెప్తం."

కళావతి ఆ దుకాణంలో ఇరవై ఐదేళ్లుగా మధ్యాహ్నం పూట కూర్చుంటోంది. ఏ సైజు గిన్నె ఏ అరలో ఉందో చూడకుండా చెప్పగలదు. పెళ్లివారు సామాన్ల కోసం వస్తే రాజేశ్వర్ రావును పక్కకు జరగమని, 'అమ్మను పిలువుర్రి' అంటారు. తన గురించి తన ముందే చెబుతుంటే ఆమె కొంగు అంచును వేళ్లతో మడుస్తూ విప్పుతూ కూర్చుంది.

బాబా మియా టీ సగంలోనే ఆపేశాడు. గ్లాసు కింద పెట్టి, పనుందని లేచాడు.

మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనకాలే కళావతి వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, ఆ సినిమా నువ్వు వందసార్లు చూసి ఉంటవ్. నిజం చెప్పు. తల్లి తలుపు తియ్యదు గదా?"

"ఏందమ్మా ఇప్పుడు గా ముచ్చట..."

"కాదన్నా. నాకు కండ్లకు కట్టినట్టు కనవడ్తాంది. తల్లి గడియ తీస్తది, చేతుల లాంతరు ఉంటది. మరి లేనిది గట్ల కనవడ్తాందంటే నా తలకాయల ఏదో ఉన్నట్టే గదా? నువ్వు చెప్తే నమ్ముత. రేపు డాక్టర్‌కు నేనే చెప్త, అవ్ సార్, నాకు చిన్నప్పటిసంది గిట్లనే ఉన్నదని."

బాబా మియా ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "జర ఫికర్ చేయకు చెల్లె, అంత మంచిగైతది," అని గబగబా మెట్లు దిగాడు.

దిగాడు గానీ దుకాణం దాటలేకపోయాడు. రెండువైపులా అరల నిండా గిన్నెలు, బిందెలు, టిఫిన్ డబ్బాలు. అన్నిటి మీదా కళావతి చేతిరాతతో సైజుల చీటీలు. తనే ఆ సున్నం బకెట్లో పడినా ఇంత సిగ్గు కలగదేమో అనిపించింది ఆయనకు. రీలు పడింది, సరే, అది ఎవరికైనా జరుగుతుంది. కానీ 'చెల్లె' అని పిలిచి, ఆమె చేతి టీ నలభై ఏళ్లు తాగి, ఇప్పుడు ఆమె తనకు తనే పిచ్చిదాన్నని రాయించుకోబోతుంటే అంత మంచిగైతది అని వచ్చేశాడు. ఛీ, ఇదేం బతుకు అనుకున్నాడు. వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా ఆగలేదు.

గదిలో అందరూ అలాగే ఉన్నారు. కళావతి టీ గ్లాసులు ఏరుతోంది.

"రాజన్నా, ఆ సినిమాకు పద్నాలుగు రీళ్లు," అన్నాడు బాబా మియా, ఆయాసపడుతూ. "మనూరోళ్లు చూసింది పదమూడే."

"ఏం మాట్లాడుతానవ్ బాబా భాయ్?"

"కళావతి చెప్పిందే నిజం. తలుపు తెరుసుకుంటది. ఆ రీలు నా చేతుల నుంచి జారి సున్నం బకెట్ల పడ్డది."

మొత్తం చెప్పాడు. సేటు, సున్నం, రేకు డబ్బా, ఏదీ దాచలేదు. రాజేశ్వర్ రావు నోరు తెరుచుకుని విన్నాడు. అన్నీ విని, చివరికి ఆయన అడిగింది ఇది.

"మరి తామరపువ్వు?"

"అది దేవుని సినిమాది."

ప్రేమలతకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. శ్రావణి వంటింట్లోకి పారిపోయి అక్కడ నవ్వింది.

"ఎన్ని పెండ్లిండ్లల్ల చెప్పిన నేను ఆ తామరపువ్వు గురించి!" రాజేశ్వర్ రావు ముఖం ఎర్రబడింది. "నలభై ఏండ్లు నన్ను పిచ్చోన్ని చేసినవ్!"

"నిన్నా?" అంది కళావతి.

ఒక్క మాటే. గట్టిగా కూడా అనలేదు. ప్రేమలత నవ్వు ఆగిపోయింది.

కళావతి గ్లాసులు బల్ల మీద పెట్టి బాబా మియా వైపు తిరిగింది.

"ఈయనకు తెల్వదు. తెల్వక నవ్విండు. నువ్వు తెలిసి నవ్వినవ్ అన్నా."

"అవ్ చెల్లె. నవ్విన."

"నా బిడ్డ పెండ్లిల అందరి ముంగట 'కళావతి తలుపు' అని పాట కట్టిన్రు. నువ్వు ముందు వరసల కూసున్నవ్. చప్పట్లు కొట్టినవ్. నేను ఆ దినం వంటింట్లకు పోయి ఏడ్చిన. సినిమా కోసం కాదు. నా కండ్లతోని చూసింది నేనే నమ్మకుండ అయితున్న గదా అని."

"తప్పైంది," అన్నాడు బాబా మియా.

ఇటువంటి చోట ఎవరైనా 'పోనీ తియ్యి అన్నా, ఎన్నటిదో' అంటారు. బాబా మియా ఆ మాట కోసమే ఎదురు చూశాడు కూడా. కళావతి అనలేదు. భర్త ముందు చెయ్యి చాపింది.

"తాళాలు."

"అది కాదు కళా, డాక్టర్ ఏమంటడో రేపు..."

"రేపు దవాఖానకు వస్త. స్కానింగ్ చేయించుకుంట. మరుపు ఉన్నదో లేదో వాళ్లే చెప్తరు. కానీ నా గురించి నేను చెప్త. నువ్వు బయట కూసో. ఇప్పుడైతే తాళాలియ్యి, ఆదివారం బేరాలు వస్తయి."

రాజేశ్వర్ రావు జేబులోంచి గుత్తి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని నడుముకు దోపుకుని మెట్లు దిగి దుకాణంలోకి వెళ్లిపోయింది. పైన మిగిలిన ముగ్గురికీ మాట్లాడుకోవడానికి ఏ సినిమా దొరకలేదు.

బాబా మియా కొత్తవాడలో ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పక్కింట్లో జంపఖానాల మగ్గం ఆగకుండా ఆడుతోంది. భార్య సుల్తానా బేగం అన్నం పెట్టింది. ఆయన కెలుకుతూ కూర్చుంటే ఏమైందని నిలదీసింది. దాచేది ఇంకేం లేదు కనుక చెప్పేశాడు.

"తౌబా తౌబా!" అంది సుల్తానా బేగం. "నేను గుడ ఐదుసార్లు చూసిన గదా ఆ సినిమా! ఆపరేటర్ పెండ్లమని ఫ్రీగ పోయి కూసొని, ఆ పిల్ల వానల నిలబడ్డదని ఐదుసార్లు ఏడ్చిన. నువ్వు నాకు గుడ చెప్పలే!"

"నీకు చెప్తే ఊరికి చెప్పినట్టే అనుకున్న."

"మంచిగనే అనుకున్నవ్. చెప్తే కళావతి వదినకు ఇన్నేండ్లు గీ గోస ఉండకపోవు." ఆయన ముందు నుంచి పళ్లెం లాగేయలేదు గానీ, కూర మళ్లీ వడ్డించలేదు.

మంగళవారం సుల్తానా బేగం బుర్ఖా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి హన్మకొండ వెళ్లింది. సాయంత్రానికి తిరిగి వచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. బాబా మియా గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"డాక్టర్ ఏమన్నడట?"

"నీళ్లన్న తాగనియ్యి." తాగి, కూర్చుంది. "రాజన్నను బయట కూసోవెట్టి తనే అన్ని చెప్పిందట. పోయినసారి మా ఆయన చెప్పిన సినిమా సంగతి కొట్టెయ్యుర్రి సార్, అది అబద్ధం అన్నదట. డాక్టర్ కొట్టేసిండట. స్కానింగ్, రక్తం పరీక్ష చేసిన్రట. రక్తం తక్కువున్నది, నిద్ర లేదు, మందులు వాడి మూడు నెలలకు మల్ల రమ్మన్నడట. అంత మంచిగనే ఉన్నదని మాత్రం అనలే."

"దుకాణంల కూసుంటాందా?"

"కూసున్నది. నేను పోయినప్పుడు బిందెలు చూపెడ్తాంది. చూపెట్టుకుంటనే నాతోని మాట్లాడింది. తలుపు తీసినంక ఏమైతదో మొత్తం చెప్పింది వదిన. అర్ధగంట పట్టింది. బేరానికొచ్చినోళ్లు గుడ బిందెలు పక్కకు పెట్టి విన్నరు."

బాబా మియా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నలభై ఏళ్లుగా ఎవరినీ అడగలేని మాట అది. సున్నం నీళ్లలో కరిగిపోయిన ఆ బొమ్మల్లో ఏముందో అని ఎన్నిసార్లు అనుకున్నాడో ఆయనకే తెలుసు.

"రాజన్నకు చెప్పిందా?"

"నిన్న చెప్పిందట. ఆయన ఏడ్చిండట. తామరపువ్వు కంటే ఇదే మంచిగున్నదన్నడట."

"మరి చెప్పు. తల్లి లాంతరు పట్టుకొని గడియ తీస్తది. తర్వాత?"

సుల్తానా బేగం భర్త వైపు చూసింది. ఆమెకు జాలి వేసింది, అది దాచుకోలేదు కూడా. అయినా తల అడ్డంగా ఊపింది.

"నీకు చెప్పొద్దన్నది," అంది.